అరవై నెలల పుస్తకం

భిలాయి మరోదాలో ముప్పై ఏళ్లు కాపురం చేసి, గడపకు పసుపు రాసి, పెరట్లో మునగచెట్టు పెంచి కూడా మా అమ్మ మేముండే చోటును ఇల్లు అనలేదు. కార్టరు అనే అనేది. "ఇది మనది కాదే. మీ నాన్న డ్యూటీది" అని ఎన్నిసార్లు చెప్పిందో.

1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైంది. ఆ తర్వాత శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చి స్టీలు ప్లాంటులో చేరినవాళ్లలో నాన్న ఒకడు. ప్లాంటు మాకు అన్నీ చూసేది. అద్దె, కరెంటు జీతంలోనే కోసేసేవారు. జబ్బు చేస్తే సెక్టార్ 9 ఆసుపత్రి, చదువుకు ప్లాంటు వాళ్ల బడి. అందుకే పదిహేడేళ్లు వచ్చేదాకా దేనికి ఎంతవుతుందో నాకు తెలియదు. స్టీలు ఊళ్లో పెరిగిన పిల్లలకు ఇది పెద్ద లోటే అంటాను. ఇంట్లోంచి డబ్బు బయటికి పోవడం మేం కళ్లారా చూడలేదు.

1995లో కల్యాణ్ కాలేజీలో బీఎస్సీలో చేరాను. అప్పటికింకా ఇది మధ్యప్రదేశే. చేరిన వారానికే అమ్మ నన్ను పోస్టాఫీసుకు తీసుకెళ్లి నా పేరున నెలకు యాభై రూపాయల ఆర్‌.డి. (రికరింగ్ డిపాజిట్) కట్టించింది. అరవై నెలలు. బీఎస్సీ మూడేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు. నాన్న రిటైరవడానికీ సరిగ్గా ఐదేళ్లే. రిటైరైతే గడువులోగా కార్టరు ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి. అమ్మ ఆ తేదీని బట్టే లెక్క వేసిందని నాకు చాలా రోజులకు గానీ తట్టలేదు.

ఆ యాభై నేనే తేవాలన్నది అమ్మ షరతు. టెంపో మానేసి అన్నయ్య వదిలేసిన సైకిలు మీద సెక్టార్ 7లోని కాలేజీకి వెళ్లేదాన్ని. షిఫ్టు దిగి వస్తున్నవాళ్ల సైకిళ్ల వరుసకు ఎదురుగా నా ఒక్క సైకిలు. పక్క లైన్లో ఒడియా వాళ్ల పిల్లలిద్దరికి లెక్కలు చెప్పేదాన్ని. పాఠ్యపుస్తకాలు సీనియర్ల దగ్గర సగం ధరకు కొని, చదివేశాక జూనియర్లకు అమ్మేదాన్ని. ఇవన్నీ హాయిగానే చేశాను. తప్పు చేసింది ఒక్కచోటే. సెకండియర్లో కొన్ని నెలలు మధ్యాహ్నం తినడం మానేశాను. ఓ రోజు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో కళ్లు తిరిగి బల్ల పట్టుకున్నాను. సంగతి తెలిసి అమ్మ ఏడ్చింది. "డబ్బు దాచమన్నాను గానీ ఆకలి దాచమన్నానా?" అంది. తిండి, మందు, పుస్తకం, ఈ మూడింట్లో కోత పెట్టి దాచుకోమని నేను ఏ విద్యార్థికీ చెప్పను.

అమ్మది వేరే బడి. లైన్లో ఇరవై మంది ఆడవాళ్లు చీటీ వేసేవారు. హిందీవాళ్లు దాన్ని బీసీ అనేవారు. తలా ఐదు వందలు, మొత్తం పదివేలు. మొదటి నెల చీటీ పెట్టిన మనిషికి పాట లేకుండా పోతుంది. ఆపైన ఎవరికి అవసరముంటే వారు పాడతారు. కూతురి ఫీజుకని ఒకావిడ రెండు వేలు తగ్గించుకుని ఎనిమిది వేలకే ఎత్తుకుంటే, ఆ రెండు వేలూ తలా వంద చొప్పున అందరికీ కలిసొచ్చేది. ఆ నెల నాలుగు వందలు కడితే చాలు. అవతలి మనిషి అవసరంలోంచి మనకొచ్చిన వంద అని అమ్మ దాన్ని విడిగా ఓ డబ్బాలో వేసేది. ఎవరింట్లోనైనా పురుడో చావో వస్తే ఆ డబ్బా తీసేది. వడ్డీ గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. కాలేజీలో అది ఎవరూ చెప్పలేదు.

నాన్న పొదుపు మాటే ఎత్తేవాడు కాదు. ఆదివారం సాయంత్రాలు మరోదా చెరువు గట్టు మీదికి తీసుకెళ్లేవాడు. తాండులా కాలువ నీళ్లు ఇక్కడ నిలవచేసి ప్లాంటుకు వాడతారని చూపించేవాడు. "కాలవొచ్చిన రోజే ఫర్నేసు చల్లబరుస్తామంటే అవుతుందా? అది రాత్రీ పగలూ మండాల్సిందే కదా" అనేవాడు. ఆ గట్టు మీదే నాకు నా ఆర్‌.డి. పుస్తకం అర్థమైంది.

పరీక్ష ఫీజులు కట్టిన నెలల్లో రెండుసార్లు వాయిదా తప్పాను. జరిమానాతో కలిపి మళ్లీ కట్టాను. పుస్తకంలో ఆ రెండు ముద్రల తేదీలు వరుస తప్పి కనిపిస్తాయి. ఆ పుస్తకంలో నాకు బాగా ఇష్టమైన పేజీ అదే.

మా అక్క కొడుకు ఇప్పుడు దుర్గ్‌లో చదువుతున్నాడు. ఈమధ్య వాడికి ఆర్‌.డి. లెక్క చెప్పాను. ఇప్పుడు నెలకు కనీసం వంద కట్టాలి. 2023 అక్టోబరు నుంచి వడ్డీ 6.7 శాతం. ఐదేళ్లలో కట్టేది ఆరు వేలు, చేతికొచ్చేది దాదాపు ఏడు వేల నూట ముప్పై ఏడు. వాడు కాసేపు ఆలోచించి, "ఏడు వేలకు ఏమొస్తుంది పిన్నీ?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే.

2000లో నా ఆర్‌.డి. చేతికొచ్చింది. వడ్డీతో కలిపి నాలుగు వేలు దాటింది. నాన్న పి.ఎఫ్‌., గ్రాట్యుటీ డబ్బంతా రిసాలీలో కట్టుకున్న ఇంటి గోడలకూ స్లాబుకూ చెల్లిపోయింది. సామాను దించడానికి లారీకి, నలుగురు కూలీలకు, రెండు ఫ్యాన్లకు, పాలు పొంగించే కొత్త గిన్నెకు నా డబ్బే సరిపోయింది. అన్నిచోట్లా అమ్మ నా చేతే ఇప్పించింది. కార్టరు తాళాలు అప్పగించే ముందు పెరట్లో మునగకొమ్మ ఒకటి నరికి, లారీ మీద మంచం కోడుకు కట్టించి తెచ్చింది.