ఎవురికి చెప్తాండావు?

మా మూడెకరాల చేను అమ్మకానికి పెట్టారు. రిజిస్ట్రేషన్‌కు నెల టైముంది. ఈలోపు దాని గురించి నాలుగు పేజీలు రాసి దాచుకోవాలని నా ఆశ. రెండు వారాలు పోయాక ఫోన్లో ఉన్నది ఒకటే వాక్యం: "మాది కరువు సీమ."

మాది అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం. ఇక్కడ కూర్చుని కరువు గురించి రాయాలంటే ఒక చిక్కుంది. సింగమనేని నారాయణ కథలున్నాయి. 'శప్తభూమి'కి బండి నారాయణస్వామి 2019కి గాను కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఇంక మనమేం రాస్తాం? పైగా బీటలు వారిన నేల, రైతు కన్నీరు లాంటి రెడీమేడ్ మాటలు పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి.

శెనక్కాయ పీకేటప్పుడు ఎవరూ మంచి కాయ, గుల్లకాయ అని చూడరు. ముందు చెట్లన్నీ పీకి కుప్పేస్తారు. కాయ తెంపడం, చెరగడం తర్వాతి పని. రాతకూ ఇదే పద్ధతి పెడదామనిపించింది.

పాత క్యాలెండర్ చింపి చీటీలు చేశా. ఫోన్లో పదిహేను నిమిషాలకు అలారం పెట్టి బోర్లించేశా. చీటీకి ఒక్క విషయం. వాక్యాలొద్దు, కొట్టేయడాలొద్దు. ఏరువాక రోజు ఎద్దుల కొమ్ములకు రంగు. గట్టు మీద వేపచెట్టు. అక్క పెళ్లప్పుడు తాకట్టు. అమ్మ తెచ్చే సద్ది. అడవిపందులకు కాపలా పడుకున్న రాత్రి నాయన చెప్పిన సినిమా కథ (క్లైమాక్స్ మార్చి చెప్పాడని తర్వాత తెలిసింది). మూడో బోరు, దుమ్ము. అలారం మోగేసరికి 31 చీటీలు!

చెరగడమే కష్టం. మా ఉమ్మడి జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడుతుందని ఒక చీటీలో ఉంది. నిజమే, కానీ అది గూగుల్‌కూ తెలుసు. తీసేశా. అలా తొమ్మిది పోయాయి. మిగతావి చాప మీద ఏళ్ల వరసన పేర్చితే ఆధార్ కార్డు వివరాల్లా ఉన్నాయి, ప్రాణం లేదు.

అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. "ఎవురికి చెప్తాండావురా ఇదంతా?"

ఎవరికి? బెంగళూరులో పుట్టిన మా అక్క కొడుక్కి. వాడికి ఆరేళ్లు. ఆ చేను చూడనే లేదు. అది తేలగానే చీటీలు జరిగాయి. వాడికి ముందు కావాల్సింది అడవిపందులు. తర్వాత ఎద్దుల రంగు. తాకట్టు వాడు పెద్దయ్యాక చదువుతాడు, అది చివరికి. మొదటి పేజీ ఆ రాత్రే అయిపోయింది.

బోరు చీటీ ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియక పక్కనే వదిలేశా. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. పొద్దున లేచి చూస్తే దాని మీద నాయన చేతిరాత. ఒక్క అంకె, దాని పక్కన ఒక్క మాట.

620 అడుగులు.