‘అడగట్లేదు, చెప్తున్నానంతే’

మా ఇంట్లో నన్ను డబ్బు పంపమని ఎవరూ ఏనాడూ అడగలేదు. లాయరమ్మ అడిగినప్పుడు కూడా ఇదే చెప్పాను. ఆవిడ రాసుకోవడం ఆపి నా మొహం చూసింది.

మాది రాజోలు దగ్గర ఊరు. 2007లో కువైట్ వెళ్లాను, 20 నంబరు వీసా మీద. అంటే ఇంటిపని. ముప్పై దాటితేగానీ మన ప్రభుత్వం ఆడవాళ్లని ఆ పనికి పోనివ్వదు. నాకు ముప్పై రెండు. మా ఆయన పోయి అప్పటికి ఏడాది. నాలుగేళ్ల పాపని అమ్మ దగ్గర వదిలాను. మా వైపు ఇది వింతేమీ కాదు. మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, ఎటు చూసినా తల్లి గల్ఫ్‌లో, పిల్ల అమ్మమ్మ దగ్గర.

మొదట్లో జీతం 40 దినార్లు. పాస్‌పోర్టు కఫీలు దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర. పాపకని, అమ్మకని నెలనెలా పంపేదాన్ని. దాని గురించి నాకు ఏ బాధా లేదు.

మూడో ఏడు నుంచి ఫోన్‌లో మాట తీరు మారింది. అమ్మ మొదట వంటింటి రేకు కారుతోందనేది. తర్వాత తమ్ముడికి సంబంధాలు వచ్చి ఇల్లు చూసి వెళ్లిపోతున్నారనేది. ‘మేం పడతాంలే అమ్మలూ, నువ్వు దిగులు పెట్టుకోకు. అడగట్లేదు, చెప్తున్నానంతే’ అని పెట్టేసేది. ఆ రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు. పొద్దున్నే మామాని, అంటే ఇంటావిడని, జీతం ముందుగా ఇమ్మని బతిమాలేదాన్ని. డబ్బు ఆలస్యమైన నెలలో పాప ఫోన్‌కి దొరికేది కాదు. సాయంత్రం అయిదింటికి చేసినా నిద్రపోయిందనేవారు. డబ్బు అందిన వారం అదే పాప గంటసేపు మాట్లాడేది. రెంటికీ లంకె ఉందని అప్పుడు తోచలేదు. అమ్మ మీద అనుమానం పడడం నా చేత కాలేదు.

ఇంకొకటి ఉంది, చెప్పడానికి సిగ్గే. ‘మా ఇంటికి పెద్దకొడుకువి నువ్వే’ అని అమ్మ అనేది. ఆ మాట కోసం ఎదురుచూసేదాన్ని. కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్లకి చట్టం వచ్చింది. ఆ తర్వాత కనీస జీతం 60 దినార్లన్నారు. నాకూ 60 చేశారు. పెరిగిన సంగతి ఇంట్లో చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ శుక్రవారమే చెప్పేశాను. పెద్దకొడుకు అనిపించుకున్నాను.

తమ్ముడు తాగుబోతు కాదు, పేకాట లేదు. వాడికి పెద్దమనిషి అనిపించుకోవాలని ఉండేది, అంతే. మేడ కట్టాడు. ముందు నాలుగు స్తంభాలు, పైన గాజు బాల్కనీ. శ్లాబు వేసిన రోజు నాకు వీడియోలో చూపించాడు. ‘మేడ మీద తూర్పు గది నీదే అక్కా’ అన్నాడు. ఊళ్లో సంబరానికి ఎవరు చందా అడిగినా ముందు వీడే రాసేవాడు. ఫ్లెక్సీలో పేరు చివర గారు ఉండేది.

పెళ్లి అమలాపురం వైపు సంబంధం. వాళ్లకి నేను కువైట్‌లో ఆసుపత్రిలో పనిచేస్తున్నానని చెప్పారట. ఆ సంగతి సెలవు మీద దిగాక అమ్మ నాతో అంది. ‘అబద్ధం ఆడమనట్లేదు. వాళ్లు అడిగితే నవ్వేసి ఊరుకో.’ క్లోరాక్స్ బ్లీచింగు నీళ్లకి నా అరచేతులు అప్పటికే పగిలి ఉన్నాయి. అమ్మ దగ్గర కూర్చుని రెండు చేతులకీ మోచేతుల దాకా గోరింటాకు పెట్టించింది. ఎర్రగా పండింది. పందిట్లో అందరూ బాగుందన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మూడు రోజులూ నేను నర్సునే. పాప మాత్రం, ‘నువ్వు ఇంజెక్షన్లు చేస్తావా అమ్మా?’ అని అడిగింది. చేస్తానన్నాను.

2020లో కరోనా వచ్చింది. మామా పని మానిపించింది. గల్ఫ్ నుంచి మనవాళ్లని తెచ్చే వందే భారత్ విమానంలో హైదరాబాద్ దిగి, క్వారంటైన్ ముగించుకుని ఊరు చేరాను. ముందుజాగ్రత్త అని పెరట్లో కొబ్బరికాయలు పోసే కొట్టులో మంచం వేశారు. అందులో తప్పు లేదు, అందరూ భయపడుతున్న రోజులు. రోజులు గడిచాయి, మంచం అక్కడే ఉంది. తూర్పు గదిలో తమ్ముడి ఆఫీసు. ‘నీకు మెట్లు ఎక్కడం కష్టం కదా వదినా’ అంది మరదలు. నాకు అప్పటికి మోకాళ్ల నొప్పులు లేవు.

దసరా వెళ్లాక అసలు సంగతి బయటపడింది. పంచాయతీ ఎన్నికలు వస్తాయంటున్నారు, తమ్ముడు సర్పంచిగా నిలబడాలి. నాన్న కొబ్బరి దొడ్డి తొమ్మిది కుంచాలు ఉంది. నాన్న స్వార్జితం, వీలునామా రాయకుండా పోయారు. దాని మీద అప్పు తేవాలంటే నేను విడుదల దస్తావేజు రాయాలి. ఇది కూడా ఎవరూ అడగలేదు. ‘నీ ఇష్టం అక్కా. నిన్ను ఇబ్బంది పెట్టి నాకు పదవి ఎందుకు?’ అన్నాడు తమ్ముడు.

కార్తీకమాసంలో అమ్మ అన్నం మానేసింది. ఉపవాసాల రోజులు కదా, మొదట నాకు తెలియలేదు. తర్వాత కంచం వడ్డించుకుని, వీధి అరుగు మీద పక్కన పెట్టుకుని కూర్చోవడం మొదలెట్టింది. ఎవరైనా పలకరిస్తే, ‘ఆకలి లేదండి, పిల్లలు ఒకమాట మీద లేకపోతే ముద్ద దిగదు కదండి’ అనేది. నా వైపు చూసేది కాదు. బజారుకి వెళ్తే జనం నన్ను చూసేవారు. అమ్మ చచ్చిపోతే నావల్లే అంటారని వణికిపోయాను. సరే అన్నాను. ఆ రాత్రి అమ్మ రెండుసార్లు చారు పోయించుకుని తిన్నది.

రాజోలు వెళ్లాం. లేఖరి దస్తావేజు చదివి వినిపించాడు. ‘నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా’ అన్న చోట నాకు ఊపిరి ఆడలేదు. చెమటలు పట్టాయి. చేతిలో పెన్ను నిలవలేదు. మరుగుదొడ్డికి వెళ్లొస్తానని చెప్పి బయటికి నడిచాను. ఎదురుగా మలికిపురం ఆటో ఉంటే ఎక్కేశాను. అందులో ధైర్యం ఏమీ లేదు. పారిపోయాను, అంతే. పాప ఇంటి దగ్గర ఉందన్న సంగతి కూడా దారిలో గుర్తొచ్చింది.

మలికిపురం దగ్గర ఒక పిన్ని ఉంది. బంధువు కాదు, కువైట్‌లో మాలియాలో శుక్రవారాలు కలిసేవాళ్లం. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. అన్నం పెట్టి, కొడుకుని బండి మీద పంపి చీకటి పడకుండా పాపని రప్పించింది. వాళ్ల ముందుగది మాకిచ్చింది. నాలుగు నెలలు అద్దె తీసుకోలేదు. కోర్టులో ఆడవాళ్లకి ఉచితంగా లాయర్‌ని పెడతారని చెప్పింది కూడా ఆవిడే. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయం ఎంతన్నది చూడరు. 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

లాయరమ్మ మేడ సంగతి ముందే తేల్చేసింది. డబ్బు నాదే అయినా స్థలం, ఇల్లు తమ్ముడి పేరున ఉన్నాయి. 1988 బినామీ చట్టం ఆ మేడ నాదని దావా వెయ్యనివ్వదు. అక్కాతమ్ముళ్ల మధ్య మినహాయింపు ఉంది గానీ, కాగితంలో ఇద్దరి పేర్లూ ఉండాలి. పదమూడేళ్ల కష్టం అలా పోయింది. ఆ రోజు మెట్ల మీద కూర్చుని ఏడిస్తే ఆవిడ గుమస్తా టీ తెచ్చిచ్చాడు. దొడ్డి సంగతి వేరు. నాన్న వీలునామా లేకుండా పోయారు కాబట్టి అమ్మకి, తమ్ముడికి, నాకు మూడు సమాన వాటాలు. నేను సంతకం పెట్టకుండా నా వాటాని ఎవరూ కదపలేరు. మీలో ఎవరినైనా విడుదల కాగితానికి తీసుకెళ్తుంటే, ముందు రోజే దాని నకలు అడిగి బయటివాళ్ల చేత చదివించుకోండి. పుట్టింట్లో ఉండే అక్కచెల్లెళ్లకి కూడా 2005 గృహహింస చట్టం వర్తిస్తుందట. మాటలతో పెట్టే హింస కూడా అందులో ఉందట. ఆ కేసు నేను పెట్టలేదు. అమ్మని కోర్టుకి రప్పించడం నావల్ల కాలేదు.

2021 ఫిబ్రవరి ఎన్నికల్లో తమ్ముడు నిలబడలేదు. నావల్లే అని ఊళ్లో చెప్పాడు. కొందరు నమ్మారు, ఇప్పటికీ నమ్ముతున్నారు. దొడ్డి పంపకం లోక్ అదాలత్‌లో రాజీతో తెమిలింది. నాకు మూడు కుంచాలు వచ్చాయి. కొబ్బరి దింపు డబ్బులు, ఇంట్లో కుట్టుమిషను, వాటితో నడుస్తోంది.

అమ్మ తమ్ముడి దగ్గరే ఉంది. వారానికోసారి ఫోన్ చేస్తుంది. తెర మీద పేరు చూడగానే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఎత్తకపోతే ఆ రోజంతా పని సాగదు. అందుకని ఎత్తుతాను, స్పీకర్ పెట్టి పాపని పక్కన కూర్చోబెట్టుకుంటాను. మందులకి డబ్బు దుకాణంలోనే కడతాను, చేతికివ్వను. దీనికి నన్ను రాతిగుండె అన్నారు. కావచ్చు.

పాప నర్సింగ్ పూర్తి చేసింది. ఈ మధ్య గల్ఫ్‌లో ఒక ఆసుపత్రికి ఇంటర్వ్యూ అయింది. నాతో ఏళ్లుగా మాట్లాడని తమ్ముడు దానికి ఫోన్ చేశాడు. మన ఇంటి పరువు నిలబెట్టావమ్మా అన్నాడు, తూర్పు గదికి ఏసీ పెట్టించానన్నాడు. చివర్లో, జీతం ఏ ఖాతాలో వేస్తారని అడిగాడు.

‘నా ఖాతాలోనే మామయ్యా’ అంది పాప.

వాడు కాసేపు ఆగి, ‘ఊరికే అడిగాన్లే’ అన్నాడు.