చెవి చూపిస్తారు, మోకాలు దాస్తారు

కొల్హాపూర్‌లో పహిల్వాన్‌ను గుర్తుపట్టడానికి కండలు చూడనక్కర్లేదు, చెవులు చూస్తే చాలు. నలిగి, ముడుచుకుపోయి, గట్టిపడిన ఆ చెవులే ఇక్కడ కుస్తీ వృత్తికి గుర్తింపు కార్డు. తెల్లవారకముందే నేను వెళ్లిన తాలీంలో కుర్రాళ్లు ఎర్రమట్టిని పారలతో తిరగేస్తున్నారు. అందులో మజ్జిగ, నూనె, పసుపు, నిమ్మరసం కలుపుతారు. ఒళ్లు చీరుకుపోతే పైన అద్దేదీ ఆ మట్టే.

పట్టులో పదేపదే నలగడంతో చెవి డొప్పలో రక్తం గూడుకడుతుంది. వెంటనే సూదితో తీయించి కొన్నాళ్లు ఆట మానేస్తే చెవి ఆకారం చెడదు. కానీ తీయించుకునేవారు తక్కువ. కొత్తగా చేరిన ఓ కుర్రాడు ఇంకా మెత్తగానే ఉన్న వాపును నా చేత తాకించి మరీ చూపించాడు.

మోకాలి సంగతి అడిగితే మాత్రం మాట మారుస్తారు. కారణం డబ్బు. దీపావళి దాటాక ఊరూరా జాతరలు మొదలవుతాయి. ఎవరితో ఎవరు తలపడాలో, ఎంత ముట్టజెప్పాలో జాతర పెద్దలు ముందే ఖాయం చేస్తారు. మోకాలు పోయిందన్న మాట పొక్కితే జోడీ కుదరదు, కుదిరినా ప్రత్యర్థి ఆ కాలినే వెతుక్కుంటాడు. పాలు, బాదం, నెయ్యి ఖర్చు మాత్రం ఆగదు. అది భరించేది చాలామందికి ఊళ్లో చెరకు పండించే తండ్రే. పైజామా కింద మోకాలికి పట్టీ చుట్టుకున్న ఒక యువకుణ్ణి డాక్టరుకు చూపించావా అని అడిగితే వస్తాదు వైపు చూశాడు. (మనం బలశాలిని అనే ఆ మాట ఇక్కడ గురువుకే చెల్లుతుంది.) మర్దన చాలన్నాడు వస్తాదు. తెగిన లిగమెంట్ మర్దనతో అతకదని ఆయనకు తెలియదనుకోను.

కొల్హాపూర్ రాజారాం కాలేజీలో చదివిన ఖాశాబా జాధవ్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. స్వతంత్ర భారతానికి అదే తొలి వ్యక్తిగత పతకం. ఆయనను పంపడానికి ప్రిన్సిపాల్ ఇల్లు తాకట్టు పెట్టిన కథ ఇక్కడ అందరూ చెబుతారు. మోకాలి గాయం వల్లే ఆయన 1956 ఒలింపిక్స్‌కు దూరమయ్యారన్నది నేను అడిగితే గానీ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఖాస్‌బాగ్ మైదానానికి వెళ్లాను. 1912లో శాహూ మహారాజ్ కట్టించిన ఈ గుండ్రటి మైదానంలో ఎటు కూర్చున్నా నడుమనున్న మట్టి బరి కనిపిస్తుంది. మెట్ల మీద ముగ్గురు ముసలి పహిల్వాన్లు కబుర్లాడుతున్నారు. ముగ్గురివీ అవే చెవులు. చీకటి పడ్డాక వారిలో ఒకాయన లేచి, గోడ పట్టుకుని, పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగసాగాడు. సాయం చేయబోతే వద్దని చెయ్యి ఊపాడు.