రాత్రి రెండింటికి ఎవరు పలుకుతారు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో వృద్ధాశ్రమాలు లేవు గనక అక్కడితో ఆపారు. ఉండి ఉంటే 'ముసలివాళ్లకి ఆశ్రమం వెతికి చూడు' అని మూడోది కూడా చేర్చేవారే. మొదటి రెండింట్లో తేడా వస్తే నష్టపోయేది మనం. మూడోదాంట్లో తేడా వస్తే అనుభవించేది ఇంకొకరు. ఆ ఇంకొకరు మంచం మీద ఉంటారు. చాలాసార్లు నోరు విప్పి చెప్పరు కూడా.

హైదరాబాదు నుంచి మొయినాబాదు, చేవెళ్ల దారిన ఎప్పుడైనా వెళ్లారా? రోడ్డుకి అటూ ఇటూ మర్రిచెట్లు గొడుగులు పట్టుకుని నిలబడి ఉంటాయి. మొత్తం తొమ్మిది వందల దాకా ఉన్నాయని లెక్కపెట్టారు. ఒక పక్క ఉస్మాన్‌సాగర్, ఇంకో పక్క హిమాయత్‌సాగర్. 1908లో మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచేశాక, మళ్లీ అలా జరక్కూడదని కట్టించిన జలాశయాలవి. వాటిని కాపాడుకోవడానికి 1996లో 111 నంబరు జీవో తెచ్చి, పది కిలోమీటర్ల లోపల ఉన్న 84 ఊళ్లలో పెద్ద కట్టడాలకి అడ్డుకట్ట వేశారు. దానిమీద ఇప్పటికీ బోలెడు వాదోపవాదాలు ఉన్నాయి గానీ, ఆ పుణ్యాన అక్కడ పూలతోటలూ, కూరమళ్లూ, కాస్త మంచిగాలీ మిగిలాయి. మంచిగాలి ఉన్నచోటికి వృద్ధాశ్రమాలూ వచ్చి చేరాయి.

ఆ పక్కనే చిలుకూరు. హుండీ లేని బాలాజీ గుడి. పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, కోరిక తీరాక వచ్చి నూట ఎనిమిది చేయడం అక్కడి ఆచారం. వీసా కోసం మొక్కేవాళ్లు ఎక్కువై స్వామికి 'వీసా బాలాజీ' అని పేరే పడిపోయింది. మా మేనత్త కూడా మా బావ వీసా కోసం మోకాళ్ల నొప్పులతోనే నూట ఎనిమిదీ పూర్తిచేసింది. స్వామి మాట తప్పలేదు. బావ డాలస్‌లో స్థిరపడ్డాడు. ఆ గుడికి నాలుగడుగుల దూరంలో ఆశ్రమంలో చేరినప్పుడు మా అత్త నవ్వుతూ అంది: "దేవుడు నాకు గూడ ఈడనే వీసా ఇచ్చిండు బిడ్డా."

బావని తిట్టడానికి చెప్పడం లేదండోయ్. అత్తకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గాని లేవలేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి పోయే ఇళ్లలో, ఉన్న ఊళ్లోనే ఉన్నా, అలాంటి మనిషిని చూసుకోవడం ఎంత కష్టమో చూసుకున్నవాళ్లకి తెలుసు. ఆశ్రమంలో చేర్చడం పాపమా పుణ్యమా అన్న చర్చ మనం ఇప్పటికే కావలసినంత చేశాం. చేర్చాక అక్కడ ఏం జరుగుతోందన్నదే మనం అడగని ప్రశ్న.

మొదటి ఆశ్రమం పేరు చెప్పను. చూడ్డానికి మాత్రం పెళ్లిమంటపంలా ఉండేది. గేటు దగ్గర ఫౌంటెను, వరండాలో ఉయ్యాల, నేలంతా అద్దంలా మెరిసే పాలరాయి. ఆ నున్నటి నేలమీద తడి పడితే ముసలివాళ్ల గతేమిటని ఎవరికీ తట్టలేదు. స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీ లేదు. పిలిచే గంట గోడకి ఉంది, మంచానికి అందనంత ఎత్తులో. అత్తకి సావిత్రమ్మ అని చక్కటి పేరుంటే, అక్కడ ఆవిడ 'మూడో నంబరు బెడ్డు'.

మూడు నెలలకి నడుం కింద పుండు పడింది. పడకపుండు అంటాం, డాక్టర్లు బెడ్‌సోర్ అంటారు. ఇది జబ్బు కాదు. ఒకే వైపు గంటల తరబడి పడుకోబెడితే ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక, కుళ్లడం. దానికి మందుకన్నా ముందు కావలసింది మనిషి. రెండేసి గంటలకొకసారి పక్కకి తిప్పాలి, ఒళ్లు పొడిగా ఉంచాలి. పగలు తిప్పేవారు. రాత్రి ఇరవై మందికి ఒక్కతే ఆయా. ఆ పిల్ల మాత్రం ఎన్ని చేతులతో తిప్పుతుంది?

నీళ్ల సంగతీ అంతే. వయసు మీరినవాళ్లకి దాహం సరిగా తెలియదు. ఒంట్లో నీరు తగ్గితే మాట తడబడుతుంది, మనుషుల్ని గుర్తుపట్టరు, మూత్రంలో మంట. మనం "మతి పోతోంది పాపం" అనుకుంటాం. అక్కడ సాయంత్రం అయిదు దాటితే నీళ్లు తగ్గించేవారు, పక్క తడుస్తుందని. అత్త ఒకరోజు మెల్లిగా చెప్పింది: "నీళ్లిస్తరు బిడ్డా. నాకు దూపైనప్పుడు కాదు, వాళ్లకు యాదికొచ్చినప్పుడు."

ఆ మాట విన్నాక ఇక అక్కడ ఉంచలేదు.

రెండోది చేవెళ్ల వైపు. రేకుల షెడ్డూ, నాపరాళ్ల నేలా. ఫౌంటెను లేదు. లోపలికి అడుగుపెట్టగానే నేను చేసిన మొదటి పని ముక్కుతో గాలి పీల్చడం. ఫినాయిల్ ఘాటు ఎక్కువగా ఉందంటే ఏదో కప్పిపుచ్చుతున్నారన్నమాట. ఇక్కడ పోపు వాసన వచ్చింది. తరవాత ముసలివాళ్ల గోళ్లు చూశాను. కత్తిరించి ఉన్నాయి. ఒక తాతగారి చెవి మిషను పనిచేస్తోంది. మిషను ఉండడం వేరు, అందులో బ్యాటరీ ఉండడం వేరు. కళ్లజోళ్లు తుడిచి ఉన్నాయి. ఇవేవీ వాళ్ల కరపత్రంలో లేవు.

అత్త అక్కడ చేరిన వారానికి చక్రాల కుర్చీలో వంటింటి గుమ్మం దాకా వెళ్లి, గోంగూర తుంపుతానని పట్టుబట్టింది. మొదటిచోట అయితే "పేషెంట్లు రాకూడదు" అని బోర్డే ఉండేది. ఇక్కడి వంటావిడ కట్ట తెచ్చి ఒళ్లో పడేసింది. "ముదురాకు తీసెయ్ సావిత్రమ్మా, నీకు నేను చెప్పాలా!" అంది. ఆ పూట అత్త ఒక ముద్ద ఎక్కువ తింది.

ఇది నా చాదస్తం అనుకోకండి. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక వృద్ధుల ఆశ్రమంలో పరీక్ష చేశారు. ఒక అంతస్తువాళ్లకి "మీ గది మీ ఇష్టం, సినిమా ఏ రోజు చూస్తారో మీ ఇష్టం" అని చెప్పి, తలా ఒక మొక్క ఇచ్చి, నీళ్లు మీరే పోసుకోండి అన్నారు. ఇంకో అంతస్తులోనూ మొక్కలిచ్చారు గానీ, నీళ్లు నర్సులు పోస్తారన్నారు. మూడు వారాలకే మొదటివాళ్లలో హుషారు, చురుకుదనం ఎక్కువగా కనిపించాయి. తిండీ, మందూ, మొక్కా అన్నీ ఒకటే. తేడా అల్లా ఇష్టం ఎవరిది, నీళ్లు ఎవరు పోశారు అన్నదే! పని తప్పించడమే సేవ అనుకుంటాం. ఒక్కోసారి చిన్న పని మిగల్చడమే సేవ.

చట్టం లేదా అంటే, ఉందండి. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. జిల్లాకి ఒకటి చొప్పున, కనీసం 150 మంది పేదవృద్ధులకి ప్రభుత్వం ఆశ్రమం ఏర్పాటు చేయవచ్చు అంది. 'చేయాలి' అనలేదు, 'చేయవచ్చు' అంది. ఇబ్బందిలో ఉన్న వృద్ధులకోసం 14567 అని ఫోను నంబరూ ఉంది. అందరూ రాసిపెట్టుకోవలసిన నంబరు. ఆ దారిలోని మర్రిచెట్ల కోసం కూడా జనం హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లారు, రోడ్డు వెడల్పులో కొట్టేయొద్దని. ముసలి చెట్టుకీ ఒక ట్రిబ్యునల్, ముసలి మనిషికీ ఒక ట్రిబ్యునల్. సంతోషమే. కానీ ఏ ట్రిబ్యునలూ అర్ధరాత్రి లేచి ఎవర్నీ పక్కకి తిప్పదు కదా!

1839లో ఫ్రాన్సులో జాన్ జుగాన్ అనే పేదరాలు గుడ్డిదైన ఒక ముసలమ్మని ఇంటికి తెచ్చుకుని, తన మంచం ఆమెకిచ్చి తను అటక మీద పడుకుంది. సికింద్రాబాదులో వృద్ధాశ్రమం నడుపుతున్న సిస్టర్ల సంఘం ఆమె మొదలుపెట్టిందే. అందరం అటకలెక్కక్కర్లేదు. తరచుగా, చెప్పకుండా, వేళకాని వేళ వెళ్లి చూసిరావడం చాలు. ఎవరికోసం మనుషులొస్తారో వాళ్ల దుప్పటి తెల్లగా ఉంటుంది. ఎవరూ రానివాళ్ల దుప్పటి కూడా పైకెత్తి చూడండి. అసలు ఆశ్రమం ఏదో అక్కడ తెలుస్తుంది.

అత్త పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు వంటావిడతో ఉప్పు దగ్గర పోట్లాడుతోంది. ఆరోగ్యానికి అంతకన్నా గుర్తేముంది?

మీరు ఎవరికోసమైనా ఆశ్రమం వెతకబోతుంటే ఒక్క ప్రశ్న అడగండి. "రాత్రి రెండింటికి మా అమ్మ 'ఎవరన్నా ఉన్నారా' అంటే ఎవరు పలుకుతారు?" అని. "మాకు మంచి సిస్టం ఉందండీ" అంటే, నమస్కారం పెట్టి వచ్చేయండి. "ఈ వారం లక్ష్మి, వచ్చే వారం యాదమ్మ" అని మనుషుల పేర్లు చెప్పారా, అప్పుడు కూర్చుని మాట్లాడండి.