గుండిగ మీద పేర్లు

వేసవి సెలవులకి మనవడు హాస్టల్ నుంచి తణుకు వస్తున్నాడంటే కొత్తావకాయ, తాటిముంజెలు సిద్ధం చేసుకున్నాను. వాడేమో సంచీ నిండా పుస్తకాలతో దిగాడు. అన్నీ రెండు వేల ఏళ్లనాటి రోమన్ సైనికుల శిరస్త్రాణాల సంగతులే! బి.ఏ. చరిత్ర చదువుతున్నాడు లెండి. కాలేజీలో దానిమీద వ్యాసం చదవాలిట.

"బండెక్కితే హెల్మెట్ పెట్టుకోడు గానీ, ఎప్పుడో పోయినవాళ్ల హెల్మెట్లు కావాలి వీడికి" అని మావారు సణిగారు.

మధ్యాహ్నం నిద్రపట్టక నేనూ ఒకటి తెరిచాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లాడుంటే నా మాట వినండి. ముందు పీటర్ కనోలీ 'గ్రీస్ అండ్ రోమ్ ఎట్ వార్' ఇవ్వండి. 1981లో వచ్చింది. బొమ్మలూ ఆయనే వేశాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చిన నాకే, చెంపల మీదికి ఆ రేకులెందుకో, మెడ వెనక చేటలాంటి ఆ అంచెందుకో తెలిసిపోయింది. తరవాత రస్సెల్ రాబిన్సన్ 1975లో వేసిన 'ది ఆర్మర్ ఆఫ్ ఇంపీరియల్ రోమ్'. మనం డబ్బాల్లో పప్పులు సర్దుకున్నట్టు, ఆయన హెల్మెట్లని రకరకాలుగా విడదీసి సర్దాడు. కొన్ని రకాలకి అవి దొరికిన ఊళ్ల పేర్లే. ఆఖర్న బిషప్, కౌల్‌స్టన్ కలిసి రాసిన 'రోమన్ మిలిటరీ ఎక్విప్‌మెంట్'. మొదట 1993లో వచ్చింది గానీ, 2006 నాటి రెండో కూర్పు తెచ్చుకోవడం మంచిది. అది మాత్రం విందుభోజనం. ముందే వడ్డిస్తే అరగదు.

"మామ్మా, ఇది విన్నావా? లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఒక కంచు హెల్మెట్ ఉంది. మెడ రేకు మీద నలుగురి పేర్లున్నాయి. ఒకడి తరవాత ఒకడు వాడుకుని, ఎవడి పేరు వాడు కొట్టుకున్నాడు. చుక్కలు చుక్కలుగా!"

"చుక్కలతోనా?" అన్నాను. నా గుండె ఝల్లుమంది.

ఎందుకంటే ఆ పొద్దున్నే, అటక మీది ఇత్తడి గుండిగ పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దామని కోడలంటే సరేనన్నాను. ఇంట్లో చోటు లేదు, తోమే ఓపికా లేదు. సాయంత్రం వాడొస్తాడు.

మనవడి చేత గుండిగ దింపించి, చింతపండు వేసి తోమాను. అజ్జరంలో చేసిన సరుకు. అంచు కింద మూడు పేర్లు మెరిశాయి. అమ్మమ్మది, అమ్మది, నాది. అన్నీ చుక్కలతో కొట్టించినవే. కూతుళ్ల వరసన నా దాకా వచ్చింది. నాకు ఆడపిల్లలు లేరు. మరి నా తరవాత ఎవరికి? ఆ ప్రశ్నకి జవాబు లేకే కాబోలు, పొద్దున అంత తేలిగ్గా సరేనన్నాను.

వీధిలో పాతసామాన్ల వాడి కేక వినబడింది. నేను లేవలేదు. కోడలే బయటికెళ్లి వాణ్ణి పంపేసి వచ్చింది. గుండిగ దగ్గర కూచుని, పేర్లు ఒక్కొక్కటీ వేలితో తడిమింది.

"ఇక్కడింకా ఖాళీ ఉంది కదా అత్తయ్యా?" అంది మెల్లిగా.

మర్నాడే పాత్రల కొట్టుకి తీసికెళ్లాం.