కడియపు తోటలో కొండచెట్టు

గోదావరి డెల్టాలో మొక్కకు తొందర యెక్కువ. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై కాలువలు పారినది మొదలు ఈ సీమకు నీటి కొదువ తీరినది. లంకలలో వరదలు తెచ్చిపోసిన ఒండ్రుమట్టికి సారము స్వభావసిద్ధము. ఇక ఎండ సంగతి చెప్పనక్కర లేదు. ఈ మూడింటి కలయికచేతనే కడియము, కడియపులంక, వీరవరము, దుళ్ల, బుర్రిలంక మొదలైన గ్రామములలో నర్సరీయే ముఖ్యవ్యవసాయమైనది. రాజమహేంద్రవరమునుండి రహదారివెంట వేమగిరి దాటి పోవువానికి మామిడియంట్లును, గులాబీలును, క్రోటనులును, వేలకువేలు కవర్లలో వరుసలు తీరి, ఏ లారీలో ఏ దేశమునకు పోదుమా యని కాచుకొన్నట్లుండును. అట్టి త్వరితవృద్ధిసీమలో, మెల్లగా పెరుగుటయే స్వభావముగా గల జునిపెర్ వృక్షమును ఏండ్లతరబడి వంచి, కత్తిరించి, రూపము దిద్దుచున్న రైతొకరు కడియపులంక చెంత నున్నారని విని, మార్గశిరమాసములో ఒకనాటి ఉదయమున ఆ తోట చూడబోయితిని.

ఆయన చిన్ననాటినుండియు అంట్లు కట్టుటలో చేయితిరిగినవారు. పచ్చని నీడవల క్రింద, తూర్పుఎండ మాత్రము తగులునట్లు, నడుమెత్తు అరుగుమీద ఆ చెట్టున్నది. మూరెడుకు మించని యెత్తు. మొదట లావై, పైకి పోనుపోను సన్నగిలుచు, ఒకమారు ఎడమకు, ఒకమారు కుడికి మెలితిరిగిన బోదె. దానిపై అంచెలంచెలుగా నిలిచిన పొలుసుటాకుల దట్టపు గుబుళ్లు. చూచినంతనే ఇది మైదానపు చెట్టు కాదని, ఎక్కడో శిఖరాగ్రమున గాలితో పెనగులాడి వచ్చినదని తోచును.

“ఆయ్, ఇది చలిదేశపు మొక్కండి. మన ఎండకి ఏదోలా ఓర్చుకుంటాది గానండి, వేరు దగ్గర నీళ్లు నిలిస్తే మాత్రం బతకదండి,” అని ఆయన మొదటిమాటగా చెప్పెను.

ఈ మాటయందే ఆ విద్యకు సగము పునాది యున్నది. ఇతర మొక్కలకు అమృతప్రాయమైన ఒండ్రుమట్టి జునిపెరుకు విషము. అందుచేత చెట్టు చేతికి వచ్చిన మొదటి ఏడాది ఆయన కొమ్మజోలికి పోక, పాతమట్టిని కొంత మాత్రమే రాల్చి, ముతక గోదావరి ఇసుకయు, నలుగగొట్టిన ఇటుకముక్కలును, కొద్దిగా ఆకుల ఎరువును కలిపిన మిశ్రమములో నాటి ఊరకుండెను. వేళ్లన్నియు ఒక్కసారి కడిగి బట్టబయలు చేయుట ఈ చెట్టుకు పనికిరాదు. శ్రావణభాద్రపదములలో ముసురు పట్టినప్పుడు కుండీ ఒకప్రక్క క్రింద ఇటుకబిళ్ల నుంచి వాలుగా నిలిపి, నీరు త్వరగా జారిపోవునట్లు చేయుట నేను కన్నులార చూడకపోయినను, ఆ బిళ్ల అరుగుమీద నుండగా చూచితిని. ఈ జాతిలో మోసమేమనగా, వేరు చచ్చిన పిదప కూడ ఆకు వారములతరబడి పచ్చగానే యుండును. ఆకు రంగు మారునప్పటికి చికిత్సకు అదను దాటిపోవును. వేసవిలో ఎర్రనల్లి బెడద యొకటి. కొమ్మక్రింద తెల్లకాగితము పట్టి తట్టినచో కదలెడి సూక్ష్మబిందువులవలన దాని ఉనికి తెలియునని ఆయన తట్టి చూపించెను.

రెండవ యేటనే తీగపని. అల్యూమినియపు తీగను కొమ్మ లావులో మూడవవంతు మందము గలదానిని ఎన్నుకొని, ఏటవాలు చుట్లు సమముగా పడునట్లు చుట్టి, రెండు బొటనవ్రేళ్లు వంపు వెలుపల ఆనించి, కొమ్మ లోపలి నారల బిగువును వ్రేళ్లతోనే వినుచు వంచవలయును. తీగ బెరడులోనికి దిగకముందే, విప్పి లాగక, ముక్కలుగా కత్తిరించి తీయవలయును. కత్తిరింపునందును జునిపెరు కఠినమైన నియమము విధించును: పచ్చదనము పూర్తిగా పోయిన కొమ్మ తిరిగి చిగురింపదు, మితిమీరి కత్తిరించినచో నున్నని పొలుసుటాకులకు మారుగా లేతవయసునాటి ముండ్లవంటి ఆకులు పుట్టి, రూపము చెడి, మరల కుదురుకొనుటకు ఏండ్లు పట్టును. కాబట్టి ఒక యేడు వేరునకు, ఒక యేడు కొమ్మకు, గాయము వంతులవారీగానే. “ఒకేసారి రెండు దెబ్బలు కొట్టకూడదండి. చెట్టుకి తేరుకునే టైము ఇవ్వాలండి,” అనెను.

నన్ను మిక్కిలి ఆకర్షించినది బోదెపై ఎముకవలె తెల్లబారిన ఎండుకఱ్ఱ. జపానువారు కొమ్మ మొండికి జిన్ అనియు, బోదెమీది చారికకు షారి అనియు పేర్లు పెట్టిరి. వారి పర్వతములపై మంచు, రాయి, గాలి కలిసి బెరడు నొలిచివేయగా, మిగిలిన సన్నని పట్టెతోనే శతాబ్దములు బ్రదుకు జునిపెర్లున్నవి. వానిని చూచియే ఈ శిల్పము పుట్టినది. ఏ వేరునుండి ఏ కొమ్మకు రసము పారుచున్నదో గుర్తెఱిగి, ఆ జీవనాడిని తెగనీయక, మెలిక వెంటనే బెరడు నొలువవలయును. పిదప సున్నమును గంధకమును కాచిన ద్రావకము పూయుదురు. అది కఱ్ఱను తెలుపుచేయుటే గాక కుళ్లునుండి కాపాడును. మన తేమగాలిలో ఈ పూత తఱచుగా వేయవలసి వచ్చుచున్నదట.

కుండీలో చెట్టును చిన్నదిగా పెంచి రూపుదిద్దు ఈ బోన్సాయ్ కళకు మూలము చీనా. 706వ సంవత్సరమునాటి రాజకుమారుని సమాధిలో, పళ్లెములో చిన్నచెట్లను మోయు పరిచారకుల చిత్రము గోడపై నున్నది. జపానులో 1923 నాటి భూకంపానంతరము టోక్యో తోటమాలులు తరలిపోయి, 1925లో ఒమియా వద్ద బోన్సాయ్ గ్రామము నెలకొల్పిరి. గ్రామమంతయు ఒకే విద్యకు అంకితమగుట కడియమువారికి వింత గాదు.

కాని ఇచట ఎక్కువగా అమ్ముడుపోవునవి మర్రిజాతి ఫైకసులు: ఉబ్బిన దుంపవేళ్లపై అంటుకట్టిన తల. అవి అందమునకు లోపము గలవని నేననను. అయినను నెలలలో సిద్ధమైన దానిని వృద్ధవృక్షమని కొనువానికి, ఈ అరుగుమీద జరుగుచున్న తపస్సు తెలియకపోవుట నాకు కష్టముగ నుండెను.

తోట చివర ఆయన మరియొకటి చూపెను: సరుగుడు. మన సముద్రతీరపు ఇసుకనేలలలో తోటలు తోటలుగా పెరుగు చెట్టే. దాని సూదులు ఆకులు కావు, కణుపులు గల సన్నని రెమ్మలు. నిజమైన ఆకులు కణుపులచుట్టు పొలుసులై యుండును. ఇండోనేసియాలోని మదురా ద్వీపమువారు దీనినే బోన్సాయ్‌గా పెంచి ప్రసిద్ధి కెక్కిరి. జునిపెరునకు నీరెక్కువైన ముప్పు, దీనికి కరవైన ముప్పు. కాని కత్తిరించిన కొలది చిగురించును, మన ఉక్కకు వెఱవదు. జునిపెరుమీద నేర్చిన వంపులన్నియు ఆయన దీనిపై వేయుచున్నారు. నా కన్నులకు ఆ సరుగుడే ఎక్కువ సొంతముగా కనబడెను.

ఏ మాసమున తీగ దిగినది, ఏ మిశ్రమములో వేరు నిలిచినది, ఏ ముసురులో ఏ చెట్టు పోయినది అను జ్ఞానమంతయు ఆయన చేతులలోనే యున్నది. కాగితముపై అక్షరము లేదు. పశ్చిమగోదావరిలో వెంకటరామన్నగూడెమున ఉద్యానవిశ్వవిద్యాలయమున్నది. అచటి విద్యార్థులు ఒకరిద్దరు నాలుగు ఋతువులు ఈ అరుగుచెంత కూర్చుండి, జునిపెరుకును సరుగుడుకును వేర్వేరుగా దినచర్య వ్రాసిపెట్టిన బాగుండునని ఆయనతో అంటిని. “రమ్మనండి. పొద్దున్నే రమ్మనండి, నీళ్లు పెట్టే వేళకి,” అని ఆయన తీగకత్తెర చేతబట్టి పనిలో పడెను.