మైపాడు గాలిలో ఒక చీర కబురు

ప్రియమైన మీకు,

మీ ఊళ్లో వానలు పడ్డాయా? ఇక్కడ మైపాడులో సముద్రపు గాలికి, పొద్దున ఆరేసిన చీర సాయంత్రమైనా పొడిగా చేతికి రావడం లేదు. నిన్న అమ్మ వెంకటగిరి నూలుచీర తీస్తూ మీకు ఈ కబురు రాయాలనుకున్నాను.

ఆ చీర నేత చూస్తుంటే జపాన్ డిజైనర్ రే కవకుబో గుర్తొచ్చారు. ఆమె పేరు విన్నారా? ఫ్యాషన్ చదువేమీ లేకుండానే 1969లో ‘కామ్ దె గార్సాన్’ అనే ఫ్యాషన్ సంస్థ మొదలుపెట్టారు. 1982లో అల్లిక యంత్రం మరలు వదులు చేయించి, స్వెటర్లలో చిల్లులు పడనిచ్చారు. “చిల్లుల బట్టకు ఇంత కథా?” అంటారు కదూ! నాకు నచ్చింది చిల్లులు కాదండీ, కత్తెర దాకా ఆగకుండా యంత్రం దగ్గరే ఆమె ఆలోచన మొదలవడం.

మన హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా కూడా అంతే. ఆయనా ఫ్యాషన్ బడికి వెళ్లలేదు. తండ్రిగారి మ్యాచింగ్ సెంటర్‌లో బట్టల మధ్య పెరిగారు. సొంత పేరుతోనే వ్యాపారం పెట్టి, నేరుగా మగ్గం దగ్గరికి వెళ్లారు. చిత్రకారుడు రవివర్మ బొమ్మలు ముప్పయ్యింటిని ఖద్దరు చీరల మీద జాందానీగా నేయించారు, శ్రీకాకుళం నేతగాళ్ల చేత. అద్దకం కాదు, నేతే! ‘మహానటి’ సినిమా దుస్తులకు జాతీయ అవార్డు అందుకున్న ముగ్గురిలో ఆయనొకరు.

ఆ జాందానీ నేత మన వెంకటగిరిలోనూ ఉంది. 2022లో ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, నాకింకా నెల్లూరు చీరే. గుంటమగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. పడుగు కింద డిజైన్ కాగితం పెట్టుకుని, బుటా ఉన్నచోట పోగులు వేళ్లతో ఎత్తి, రంగు దారం దూర్చి, పేక వేసి, పలక కొడతారు. మళ్లీ పోగులు ఎత్తడమే. ఒక్క పువ్వు విచ్చుకోవడానికి ఎన్నిసార్లు వంగాలో! అలాంటి ఓపిక గల చేతులను నమ్మి గౌరంగ్ షా రవివర్మ అంతటివాణ్ణి అప్పగించారే, ఆ ధైర్యమంటే నాకు ఎంతో ఇష్టం.

అమ్మ చీర బుటాను కిటికీ వెలుగులో తిరగేసి చూశాను. వెనకా ముందూ తేడా దొరకలేదు. మీ బీరువాలో వెంకటగిరి జాందానీ ఉంటే మీరూ ఒకసారి తిరగేసి చూసి, నాకు రాయండి.

మీ
మైపాడు నేస్తం